పుడిసెడు నీళ్లు

నీళ్ల గురించి నాకు పాఠాలు చెప్పేవాళ్లను చూస్తే మొదటినుంచీ ఒళ్లుమంట. మా నాన్న కృష్ణా డెల్టాలో ఒక బ్రాంచి కాలవ మీద లస్కరు. లస్కరంటే లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించేవాడు, ఏ ఊరి చేలకు ఎన్ని గంటలు నీరు పారాలో చూసేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి ఆయన వెనకాలే గట్టు మీద తిరిగాను. ఆ తర్వాత చదివిందంతా అద్దె పుస్తకాలు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు, ఈ దేశం వచ్చాక ఊళ్లో లైబ్రరీ. చేతిలో సర్టిఫికెట్టు లేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, ఏ ఏడు ఏ కాలవకు ఎక్కడ గండి పడిందో, దాన్ని ఎన్ని బస్తాల ఇసుకతో పూడ్చారో చెప్పి నోరు మూయిస్తాను. నా జ్ఞాపకం మీద నాకు అంత నమ్మకం. ఆ నమ్మకం కొంపముంచిన సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

కెనడా నేను నా చదువు మీద రాలేదు, మా ఆవిడ చదువు మీద వచ్చాను. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సింగు చదివింది. వాంకూవర్ దీవిలో ఈ మిల్లు ఊళ్లో ఆసుపత్రికి నర్సులు కావాలంటే వచ్చింది, ఆవిడ పెట్టె మోస్తూ నేనొచ్చాను. రంపపు మిల్లులో ముప్పై ఏళ్లు తడి దుంగల పలకలు లాగాను. మిల్లు మూతపడ్డాక నాకు మిగిలింది నది.

పెద్ద నదేం కాదు. పైన సరస్సు, సరస్సు మూతి దగ్గర ఎప్పుడో కాగితం మిల్లువాళ్లు కట్టిన చిన్న కట్ట, దానికి రెండు తలుపులు. అక్కణ్ణించి నది అడవిలోంచి దిగి మా ఊరి కింద సముద్రంలో కలుస్తుంది. ఆకురాలే కాలంలో సాల్మన్ చేపలు సముద్రం నుంచి ఈ మొగలోకి వచ్చి, ఎదురీది, తాము పుట్టిన రాళ్ల మధ్య గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. నది ఒక్కతే వాటిని సాకలేకపోతోందని ఊరివాళ్లు ఒక హేచరీ పెట్టుకున్నారు. కంచె వేసి కొన్ని ఆడచేపల్ని, మగచేపల్ని పట్టి, చేత్తో గుడ్లు తీసి, ట్రేలలో పిండం కట్టనిచ్చి, వసంతంలో పిల్లల్ని నదిలో వదులుతాం. జీతం లేదు. పన్నెండేళ్లుగా నేనక్కడ బకెట్ల మనిషిని.

నేను వచ్చిన కొత్తలో ఇక్కడ వాన ఆగితే జనం బయటికొచ్చి ఆకాశం వంక అనుమానంగా చూసేవాళ్లు. వానకు విసిగి మా ఆవిడ ఒకసారి, “ప్రభువా, నోవహు కాలపు జలప్రళయమైనా నలభై రోజులే కదా” అంది. ఇప్పుడు జూన్లో ఆగిన వాన అక్టోబరు దాకా రావడం లేదు. పోయిన వేసవిలో నది మధ్యలో మోకాళ్లు తడవకుండా నడిచాను. మడుగుకూ మడుగుకూ మధ్య రాళ్లు తేలాయి. మొగ దగ్గర ఉప్పునీళ్లలో చేపలు ఎగురుతున్నాయి, పైకి రావడానికి దారి లేదు. చేపల్ని తిని బతికే సముద్ర జంతువులు సీళ్లు మాత్రం పెళ్లి భోజనానికి వచ్చినట్టు రోజూ వేళకు వచ్చి తినిపోతున్నాయి.

పైన సరస్సులో నీళ్లున్నాయి. నా కోపమంతా అక్కడే. నీళ్ల ఆఫీసువాళ్లు తలుపు కింద సందులోంచి రోజుకింత అని సన్నగా వదులుతారు. ఆ సన్నటి ధార రాళ్లలోనే ఇంకిపోతుంది. సరస్సు చుట్టూ వేసవి ఇళ్లున్నాయి. నీటిమట్టం తగ్గితే వాళ్ల పడవలు బురదలో కూర్చుంటాయి.

ఆగస్టులో ఒక పొద్దున ఆఫీసు నుంచి ఒకాయన కట్ట చూడటానికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మర్యాదస్తుడు, చేతిలో టాబ్లెట్. మా హేచరీ మేనేజరు నన్ను కూడా తీసుకెళ్లింది. ఆవిడ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన యాభై దాటిన మనిషి. రబ్బరు బూట్లు లేకుండా నేనావిణ్ణి చూడలేదు. నన్ను పేరు పెట్టి పిలవదు, ‘గేట్‌మ్యాన్’ అంటుంది, ఎప్పుడు చూసినా తలుపుల సంగతే మాట్లాడతానని.

“రోజూ సమానంగా వదులుతున్నాం. రూలు ప్రకారమే,” అన్నాడాయన.

“సమానంగా వదిలితే ఎవరికీ అందదు,” అన్నాను. “మా నాన్న ఎండాకాలంలో వంతు పెట్టేవాడు. కొన్నాళ్లు తలుపు దించి ఉంచి, ఒకరోజు నిండా ఎత్తేవాడు. ఆ తోపుకి చిట్టచివరి చేనుకి కూడా నీరెక్కేది.”

“తలుపు దించితే కింద మడుగుల్లో ఉన్న చిన్న చేపలు చస్తాయి కదండీ.”

ఆ మాట నిజమే. నిజమైన మాట అవతలివాడి నోట్లోంచి వస్తే ఇంకా మండుతుంది. “సరే, దించొద్దు. ఉన్నదాని మీద ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, నిండుగా వదలండి. మొగలో ఉన్న చేపలు ఆ తోపు పట్టుకుని పైకి వచ్చేస్తాయి.”

“సరస్సు మట్టం ఇప్పటికే తక్కువగా ఉంది.”

“ఎవరికి తక్కువ? పడవలకా?”

మేనేజరు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. “ఊరుకో గేట్‌మ్యాన్. ఆయనకి తలుపు ఎత్తే అధికారం లేదు, తలుపు ఫోటో తీసే అధికారమే ఉంది.”

ఆయన నవ్వాడు, నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే బాగుండేది. “మీ దగ్గర ఎవిడెన్సు ఉంటే పంపండి. నేను పైకి పంపిస్తాను,” అన్నాడు.

ఎవిడెన్సంట! మొగ దగ్గర గాలిలోకి లేచి పడుతోంది ఎవిడెన్సు, వెళ్లి చూసుకోమన్నాను. ఆయన టాబ్లెట్‌లో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. కాల్గరీలో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో ఇదంతా చెప్పుకుని మండిపడితే, “డాడీ, ఇట్స్ జస్ట్ ఫిష్,” అంది. చేపల కూర ఎలా వండాలో మాత్రం తెలుగులో అడుగుతుంది.

ఆ నీళ్లు రాలేదు. అక్టోబరు సగం గడిచాక ఒక వాన పడింది. అప్పటికి ఏం మిగిలాయో అవి పైకి వచ్చాయి. మా కంచె దగ్గర పన్నెండు ఆడచేపలు కావాలి. వచ్చినవి ఐదు.

గుడ్లు తీసే పని ఎలా చేస్తామో ఇక్కడ చెప్పాలి. చేప తలమీద ఒక్క దెబ్బ వేసి చంపుతాం. తలకిందులుగా పట్టుకుని ఒళ్లంతా పొడిగుడ్డతో తుడుస్తాం. కడుపు చీల్చితే శనగగింజలంత నారింజరంగు గుడ్లు జలజలా బకెట్లో పడతాయి. ఒక చేపకు ఒక బకెట్టు, తర్వాత ఒక ట్రే. వాటిమీద మగచేప వీర్యం పోస్తాం, చిక్కటి పాలలా ఉంటుంది. చేత్తో మెల్లగా కలుపుతాం. ఆ తర్వాతే నీళ్లు. గుడ్డుకు సూదిమొనంత రంధ్రం ఉంటుంది, వీర్యం అందులోంచి పోవాలి. నీళ్లు తగిలిన నిమిషానికల్లా ఆ రంధ్రం మూసుకుపోతుంది. అందుకని బకెట్టు పొడిగా ఉండాలి, గుడ్డ పొడిగా ఉండాలి, చెయ్యి పొడిగా ఉండాలి. నదిలో పుట్టే ప్రాణికి మొదటి నిమిషంలో నీళ్లే శత్రువు. ఊరి బడి పిల్లలు చూడటానికి వచ్చినప్పుడు, తడిచేతులతో బకెట్ ముట్టుకుంటే గట్టిగా కేకలేసేది నేనే. పన్నెండేళ్లుగా.

కోత పని డాక్టర్ గారిది. మా ఊళ్లో మాకున్న తోటి తెలుగాయన ఆయనొక్కడే. గుంటూరు వైపు మనిషి, రిటైరైన సర్జను. ప్రతి ఏడూ ఒకటే జోకు వేస్తాడు. “అన్నయ్యగారూ, ముప్పై ఏళ్లు మనుషుల్ని కోస్తే చివరాఖరికి చేపల దగ్గర ప్రమోషనిచ్చారు. బకెట్టు పట్టండి, ఈ పేషెంటుకి మత్తు అక్కర్లా.”

నాలుగు చేపలు అయిపోయాయి. ఐదోదాన్ని తుడుస్తుండగా నీళ్ల ఆఫీసాయన వచ్చాడు. చేతులు రుద్దుకుంటూ షెడ్డు కింద నిలబడి, సంతోషంగానే అన్నాడు, “ఆలస్యమైనా వచ్చాయన్నమాట!”

నాకు కళ్లు ఎర్రబడ్డాయి. “వచ్చాయా? రైలు ఆలస్యమైందనుకున్నావా? రావలసినవాటిలో సగం కూడా రాలేదు. వచ్చినవాటి ఒళ్లు చూడు, రెక్కలు చూడు, రెండు నెలలు వేడినీళ్లలో ఉడికిపోయాయి!” అంటూ మొదలుపెట్టాను. సరస్సు, పడవలు, రూలు, వంతు, మా నాన్న, అన్నీ వచ్చాయి. షెడ్డుకు ఒకవైపు గోడ లేదు. గాలికి మేపుల్ ఆకు తునకలు నా ఖాళీ బకెట్లో పడ్డాయి. మాట్లాడుతూనే బకెట్ శుభ్రం చేశాను.

“అన్నయ్యగారూ, ముందు బకెట్టు ఇటు పెట్టండి,” అన్నాడు డాక్టర్ గారు. “ఆయన్ని తరవాత కోద్దాం.”

ఐదో చేప గుడ్లు నా బకెట్లో పడ్డాయి. వీర్యం పోశాను, కలిపాను. తిడుతూనే ఉన్నాను.

నెల తర్వాత గుడ్లలో నల్లటి కళ్లు కనిపిస్తాయి, ఒక్కో గుడ్డులో రెండు చుక్కలు. అప్పుడు వాటిని ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి కాస్త ఎత్తునుంచి పోస్తాం. కట్టిన గుడ్లు ఆ దెబ్బకు తట్టుకుంటాయి. కట్టనివి మర్నాటికి తెల్లబడిపోతాయి. నాలుగు ట్రేలు బంగారంలా ఉన్నాయి. ఐదో ట్రేలో కళ్లు ఎక్కడో ఒకటీ అరా. మర్నాడు మూత తీస్తే పచ్చి సగ్గుబియ్యం పోసినట్టు తెల్లగా ఉంది. నాలుగు వేలకు పైన గుడ్లు. రెండు రోజులు కూర్చుని, చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి అవతల పడేశాం.

ఏరుతున్నంతసేపూ నా గుండె మండింది. నిజం చెప్పాలంటే మంట వెనక కొంత సంతోషం కూడా ఉంది. ఆ ఆఫీసాయన్ని తలుచుకుని, దొరికావురా అనుకున్నాను. తల్లి అన్నాళ్లు వేడినీళ్లలో పడిగాపులు పడితే కడుపులో గుడ్లు పాడవవా? అలా పాడవుతాయని లైబ్రరీలో చదివాను కూడా. మేనేజరు, “అయ్యుండొచ్చు” అంది. ఆ ‘ఉండొచ్చు’ నేను వినలేదు. ట్రే ఫోటో తీసి నీళ్ల ఆఫీసుకు ఉత్తరం రాశాను. డాక్టర్ గారు ఇంగ్లీషు దిద్దాడు, తిట్లు తీసేశాడు.

ఏళ్ల తరబడి మా ఉత్తరాలకు జవాబివ్వనివాళ్లు వారంలో ఇచ్చారు. ఫోటో పైవాళ్లను కదిలించిందట. ఊళ్లో మీటింగు పెడతారట. కరువు వస్తే ఆగస్టులోనే ఒక రోజు నిండుగా నీళ్లు వదిలే సంగతి ఆలోచిస్తారట. ఆ ఉత్తరాన్ని నేను నాలుగుసార్లు చదివాను. నా జన్మలో ఒక ఆఫీసు నా మాట విన్నది అదే మొదలు.

మా ఇంట్లో పొద్దున్నే పాలు కాచేది నేను. ఆవిడ నైట్ డ్యూటీలు చేసిన రోజుల్లో మొదలైన పని, ఆవిడ రిటైరైనా నేను దాన్నుంచి రిటైరవలేదు. పాలగిన్నె ఎంత కడిగి ఉన్నా, పొయ్యి మీద పెట్టేముందు మళ్లీ నీళ్లతో తొలిపి, అడుగున పుడిసెడు నీళ్లు ఉంచి, దానిమీద పాలు పోయాలి. అలా చేస్తే అడుగంటదని మా అమ్మ నేర్పింది. నలభై ఏళ్లుగా కళ్లు మూసుకుని చేస్తున్న పని.

మీటింగు మూడు రోజులుందనగా, పొద్దున పాలగిన్నె కుళాయి కింద పట్టాను. తొలిపాను, వంపాను. అడుగున కొంచెం నీళ్లు ఉంచేసి ఆగిన నా మణికట్టు వంక చూశాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

షెడ్డులో పైపు నా కుడిపక్కన ఉంటుంది. ఆకు తునకలు పడ్డ బకెట్టు పైపు కింద పట్టాను. తొలిపాను. ఆ ఆఫీసాయన వంక వేలు చూపిస్తూ, రెండో చేత్తో వంపాను. పూర్తిగా వంపలేదు. అడుగున ఉంచాను. పాలు పోయబోతున్నట్టు. అంతా కళ్లకు కట్టింది, పైపు కారిన చప్పుడుతో సహా. నోరు తన పని చేస్తుంటే చెయ్యి తన పని చేసింది.

“ఏవండీ! పాలు పోయకుండా ఆ గిన్నెని అలా పూజిస్తారేంటి?” మా ఆవిడ వెనకనుంచి అడిగింది.

చెప్పాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

“నా సర్వీసులో తప్పు మందు ఇచ్చినవాళ్లని చూశాను,” అంది. “చెప్పేసినవాళ్లున్నారు, చార్టు దిద్దుకున్నవాళ్లున్నారు. మీరే రకమో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్లలో మీరొక్క తప్పు కూడా చెయ్యలేదు కదా!”

“వెటకారమా?”

“కాక? ముందు ఆ నీళ్లు పారబోసి పాలు పెట్టండి. కాఫీ లేకుండా మీ పాపాలు నేను వినలేను.”

డాక్టర్ గారింటికి వెళ్లాను. ఆయన విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “ఎవరికి చెప్పారు?”

“మా ఆవిడకి.”

“అక్కడితో ఆపండి. తెల్లబడ్డ గుడ్డుకి పోస్టుమార్టం ఎవడు చేస్తాడండీ? ఆ ఫోటో చూసి వాళ్లు నీళ్లు వదులుతారు. నది బతుకుద్ది. ఎందుకు వదిలారో చేపలకెందుకంట?”

“అబద్ధం కదండీ.”

“నాలుగు నెలలు నీళ్లు ఆపింది అబద్ధం కాదుగా! ఏందన్నయ్యగారూ, ఇన్నాళ్లకి ఒక తలుపు లేస్తుంటే మీరే దాన్ని కిందకి నొక్కుతారా?”

ఆయన మాట తీసిపారేసేది కాదు. దారంతా అదే నమిలాను. పోయిన వేసవిలో చచ్చిన చేపలన్నీ నిజం. ఒక్క ట్రే మాత్రమే అబద్ధం. అంత నిజాన్ని గెలిపించడానికి ఇంత అబద్ధం పనికి రాదా?

అప్పుడు మా నాన్న గేజీ పుస్తకం గుర్తొచ్చింది. కాలవలో నీటిమట్టం రోజుకు రెండుసార్లు చూసి ఆయన ఆ పుస్తకంలో రాయాలి. ఒక ఎండాకాలం చివరి ఊరి చేలు ఎండిపోతుంటే, అక్కడి రైతులు వచ్చి కాళ్లు పట్టుకున్నారు. మట్టం ఉన్నదానికంటే తక్కువని రాస్తే పైనుంచి ఎక్కువ నీళ్లు వదులుతారని. మా నాన్న రాశాడు, మంచికే రాశాడు. వారం తర్వాత ఓవర్సీరు చెప్పాపెట్టకుండా వచ్చి, కొలబద్ద చూసి, పుస్తకం చూశాడు. ఆ ఏడు పెద్ద గొడవేం కాలేదు. కానీ ఆ తర్వాత ఎన్నేళ్లు మా నాన్న నిజం రాసినా, ఆఫీసులో, “ఆ లస్కరు లెక్కేనా?” అనేవాళ్లు. చివరి ఊరు నిజంగా ఎండిన ఏడు కూడా అదే మాట అన్నారు.

మధ్యాహ్నం హేచరీకి వెళ్లాను. మేనేజరు ఖాళీ ట్రేలు కడుగుతోంది. ఒక్క ముక్కలో చెప్పాను. ఆవిడ పైపు కట్టేసింది.

“ఎన్ని నీళ్లు?”

అరచెయ్యి దొప్పలా చేసి చూపించాను.

ఆవిడ నా చేతి వంక చూసింది. “బడి పిల్లల్ని ఏడిపించావు కదా గేట్‌మ్యాన్, తడిచేతులని.”

“ఏడిపించాను.”

“ఒక పిల్ల ఇంటికెళ్లి నిజంగా ఏడ్చింది, తెలుసా? వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది.” మళ్లీ పైపు విప్పింది. “మీటింగులో నువ్వే చెప్పాలి. నీ బదులు నేను చెప్పను. చెప్పొద్దని కూడా అనను.”

మీటింగు ఫైర్ స్టేషన్ పైనున్న హాల్లో. ఇరవై మంది దాకా వచ్చారు, సరస్సు ఒడ్డు ఇళ్లవాళ్లు కుక్కతో సహా ముందు వరసలో కూర్చున్నారు. గోడమీద నా ట్రే ఫోటో, మంచం అంత పెద్దది. నీళ్ల ఆఫీసాయన దాన్ని చూపిస్తూ మాట్లాడబోతుంటే నేను లేచాను. నిలబడి చెప్పాను. పైపు, బకెట్టు, పుడిసెడు నీళ్లు. పాలగిన్నె సంగతి కూడా చెప్పాను, లేకపోతే తాగి ఉన్నాననుకుంటారని. ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టర్ గారు నేల చూపులు చూశాడు.

“మీ నిజాయితీకి ధన్యవాదాలు,” అన్నాడు ఆఫీసాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ తర్వాత టాబ్లెట్ వంక చూసి, “అయితే వేడి నీళ్ల వల్ల పోయిన ట్రే ఏదీ లేదన్నమాట. ఇంత కరువులో కూడా మిగతా నాలుగూ బాగున్నాయి,” అన్నాడు. ముందు వరసలో తలలు ఊగాయి. కుక్క కూడా తోక ఊపింది.

నా ఒళ్లంతా సెగలు. నేను నిజం చెబితే, దానితోనే నదిని నొక్కేస్తున్నారు! నోరు తెరిచేలోగా మేనేజరు కూర్చునే అడిగింది, “పన్నెండు ఆడచేపలు కావాలి. ఐదు వచ్చాయి. మిగతా ఏడు ఏ ట్రేలో ఉన్నాయి?”

“అవి నీళ్లు లేకే రాలేదనడానికి ఏమైనా రికార్డు ఉందా? రోజువారీగా? మొగ దగ్గర ఎన్ని ఉన్నాయి, ఎన్ని చచ్చాయి?”

అందరూ నావైపు తిరిగారు. వేసవంతా ప్రతి పొద్దునా మొగ దగ్గరికి వెళ్లిందీ, రాళ్ల మధ్య ఉబ్బి పడి ఉన్న చేపల్ని చూసిందీ నేనే. అదంతా నా తలలో ఉంది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. లస్కరు కొడుకుని. గేజీ పుస్తకం పక్కన పెట్టుకుని పెరిగినవాణ్ణి. ఎవిడెన్సు అడిగినవాడి మీద అరిచానే గానీ పెన్సిలు పట్టుకోలేదు.

“నాకు గుర్తుంది,” అన్నాను.

“అది సరే,” అన్నాడాయన మెత్తగా. నీళ్లు వదిలే సంగతి ఆ రోజు పక్కన పెట్టారు. ‘తదుపరి సమాచారం అందాక’ అని మాట.

మెట్లు దిగుతూ డాక్టర్ గారు, “తృప్తిగా ఉందా?” అని అడిగాడు. లేదన్నాను. ఇప్పటికీ లేదు. నిజం చెప్తే మనసు తేలికవుతుందనే మాట ఎవరు పుట్టించారో గానీ వాళ్లకు నది లేదు.

మేనేజరు నన్ను బకెట్ల పని నుంచి తీసేస్తుందనుకున్నాను. వసంతంలో నాలుగు ట్రేల పిల్లల్ని నదిలోకి వదిలిన రోజున, ఒక సంచీ నిండా పాత తువ్వాళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. “ఈసారి ప్రతి బకెట్టూ నువ్వే తుడవాలి. తుడిచి, తలకిందులు చేసి నాకు చూపించాలి. మాట్లాడకుండా.”

“మాట్లాడకుండానా?”

“అదే నీకు శిక్ష.”

ఈ వేసవి కూడా వాన లేదు. నదిలో మళ్లీ రాళ్లు తేలాయి. ఇప్పుడు నా దగ్గర గట్టి అట్ట పుస్తకం ఉంది. వంతెన కింద కొలబద్ద దగ్గరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి మట్టం రాస్తున్నాను. అక్కణ్ణించి మొగకు వెళ్లి ఎగిరినవాటినీ, చచ్చినవాటినీ రాస్తున్నాను. మా ఆవిడ చూపు నాకంటే నయం కాబట్టి ఆవిడ లెక్కపెడుతుంది, నేను రాస్తాను. “ఆరు,” అంటుంది. “ఏడు కాదూ?” అంటే, “మీకు కావలసినన్ని నేను చంపలేను,” అంటుంది.

ఆ పేజీలతో నీళ్ల ఆఫీసుకు కొత్త ఉత్తరం రాశాను. ఫోటో పెట్టలేదు. మొదటి వాక్యంలోనే, పోయినేడు ఐదో ట్రే పాడైంది నా చేతి తప్పు వల్ల, కరువు వల్ల కాదు, అని రాశాను. డాక్టర్ గారు ఎర్ర పెన్నుతో ముందు దాన్నే కొట్టేశాడు.

“తీసేయండి అన్నయ్యగారూ. అది చదివితే మిగతాది చదవరు.”

“అది లేకపోతే మిగతాది నమ్మరు. అందులో ఇంగ్లీషు తప్పులుంటే దిద్దండి. వాక్యం ఉండాలి.”

దిద్దాడు, గొణుక్కుంటూ. ఉత్తరం వెళ్లి మూడు వారాలైంది. అందిందని ఒక ముక్క వచ్చింది, అంతే. పైన సరస్సులో పడవలు హాయిగా తేలుతున్నాయి. ఇవాళ పొద్దున మట్టం నిన్నటికంటే వేలెడు తగ్గింది, రాశాను. మొగ దగ్గర ఎగిరినవి తొమ్మిది. సీలు తిని వదిలేసిన తోక ఒకటి. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని మా ఆవిడా నేనూ కాసేపు పోట్లాడుకున్నాం. తోకలకు పక్కన వేరే గడి గీసి, అందులో ఒకటి అని రాశాను.